రోబో సర్జరీ: కోత పెట్టేది రోబోనా, డాక్టరా? దూరం నుంచి ఆపరేషన్ చేస్తే మనకు ఒరిగేదేంటి?

మీ ఇల్లు శాలిబండలో ఉందనుకుందాం. నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, ‘ఓపెన్ సర్జరీ ఉంది, రోబోటిక్ సర్జరీ కూడా ఉంది, ఏదో తేల్చుకోండి’ అన్నారు. చేతికిచ్చిన ఎస్టిమేట్ కాగితంలో రెండింటి మధ్య తేడా లక్షల్లో కనిపిస్తోంది.

రాత్రికి ఇంట్లో చర్చ మొదలవుతుంది. ‘రోబో అయితే తప్పు చేయదట’ అని ఒకరు, ‘మనిషి చెయ్యి పడకుండా మిషన్‌కు అప్పగించడమేంటి’ అని ఇంకొకరు. ‘ఇప్పుడు డాక్టర్ అమెరికాలో కూర్చుని కూడా చేసేస్తున్నాడు, వీడియో చూశా’ అని మూడో వారు. మర్నాడు పొద్దున మీరు సంతకం పెట్టాలి.

ఈ మూడు మాటల్లో నిజమెంత? అప్పు చేసైనా రోబో సర్జరీయే చేయించాలా? ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ సదుపాయం ఉందా? ఒక్కొక్కటీ చూద్దాం.

రోబో సర్జరీలో రోబో చేసేదేంటి?

ముందు ఒక అపోహ వదిలేద్దాం. ఇప్పుడు ఆసుపత్రుల్లో వాడుతున్న సర్జికల్ రోబోలు తమంతట తాము ఆపరేషన్ చేయవు. ఎక్కడ కోయాలి, ఎక్కడ కుట్టాలి అనే నిర్ణయం సర్జన్‌దే. కదలిక కూడా సర్జన్ చేతిదే.

ఈ వ్యవస్థలో ప్రధానంగా మూడు భాగాలు ఉంటాయి. మొదటిది కన్సోల్. అదే థియేటర్‌లో, పేషెంట్‌కు కొన్ని అడుగుల దూరంలో ఉంటుంది. సర్జన్ దాని ముందు కూర్చుని, లోపలి భాగాలను 3డీలో, బాగా పెద్దవిగా చూస్తారు. వేళ్లకు తగిలించుకునే పట్టీలు, కాళ్ల కింద పెడళ్లు ఉంటాయి.

రెండోది పేషెంట్ మంచం పక్కన నిలబెట్టే రోబో చేతులు. ఎక్కువగా కనిపించే డావించీ యంత్రానికి ఇవి నాలుగు. ఒకదానికి కెమెరా, మిగతావాటికి కత్తెర, పట్టకారు లాంటి పరికరాలు అమరుస్తారు. సుమారు 8 మిల్లీమీటర్ల వెడల్పుండే చిన్న రంధ్రాల ద్వారా వాటిని లోపలికి పంపుతారు. మూడోది, ఈ రెండింటినీ కలిపే కంప్యూటర్, వీడియో వ్యవస్థ.

సర్జన్ వేలు కదిపితే లోపల పరికరం కదులుతుంది. చేతి వణుకును కంప్యూటర్ వడపోస్తుంది. సర్జన్ చెయ్యి మూడు సెంటీమీటర్లు జరిగితే పరికరం ఒక సెంటీమీటరే జరిగేలా అమర్చుకోవచ్చు. లాపరోస్కోపీలో వాడే నిటారు కడ్డీలు తిరగలేని మూలల్లో ఈ పరికరాలు మణికట్టులా తిరుగుతాయి. ప్రోస్టేట్ లాంటివి కటి భాగంలో లోతుగా, ఇరుకుగా ఉంటాయి కాబట్టి అక్కడ ఇది బాగా పనికొస్తుంది.

లోటు కూడా ఉంది. కణజాలం ఎంత మెత్తగా ఉంది, దారం ఎంత బిగిసింది అనేది చేతికి తెలియదు. స్పర్శను చేతికి అందించే యంత్రాలు ఈమధ్యే వస్తున్నాయి. మిగతావాటితో పనిచేసే సర్జన్ కంటితో చూసే అంచనా వేసుకోవాలి. అనుభవం లేని చేతికి, ఉన్న చేతికి తేడా ఇక్కడే బయటపడుతుంది.

ఇది ఎక్కడ మొదలైంది?

విచిత్రమేంటంటే, ఇప్పుడు పక్కపక్కనే ఉండి వాడుతున్న ఈ యంత్రం పుట్టిందే దూరం కోసం. 1980ల్లో అమెరికాలో నాసా ఏమ్స్ కేంద్రం, ఎస్‌ఆర్‌ఐ పరిశోధన సంస్థల్లో, మనిషి ఒకచోట ఉండి ఇంకోచోట చేతులు ఆడించగలడా అన్న పరిశోధన నడిచింది. యుద్ధభూమిలో గాయపడిన సైనికుడికి వెనక ఎక్కడో సురక్షితంగా ఉన్న సర్జన్ ఆపరేషన్ చేయాలన్నది అమెరికా సైన్యం ఆశ. రక్షణ పరిశోధన సంస్థ డార్పా దానికి డబ్బు పెట్టింది.

ఆ ఆశ అనుకున్నట్టు నెరవేరలేదు. కానీ ఆ సాంకేతికతతో 1995లో ఇంట్యుటివ్ సర్జికల్ అనే కంపెనీ మొదలైంది. దాని డావించీ యంత్రానికి 2000లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

ఇందులో తెలుగు పేరు కూడా ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ మూలాలున్న అమెరికా పారిశ్రామికవేత్త రాజ్ వట్టికూటి 2001లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి 2 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించారు. అక్కడి వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ మణి మీనన్ బృందం ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రోబో సర్జరీని ఒక పద్ధతిగా తీర్చిదిద్దింది. తర్వాత వట్టికూటి ఫౌండేషన్ భారత సర్జన్ల శిక్షణకు కూడా సాయం చేసింది.

మరి దూరం నుంచి ఆపరేషన్ నిజంగా చేశారా?

చేశారు. 2001 సెప్టెంబర్ 7న ఫ్రెంచ్ సర్జన్ జాక్ మరెస్కో న్యూయార్క్‌లో కూర్చుని, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న 68 ఏళ్ల మహిళకు గాల్‌బ్లాడర్ తొలగించారు. మధ్యలో అట్లాంటిక్ సముద్రం. దీనికి ప్రత్యేకంగా ఫైబర్ లైన్ కేటాయించారు. సర్జన్ చెయ్యి కదిపాక, ఆ కదలిక ఆయనకు తెరపై కనిపించడానికి సగటున 155 మిల్లీసెకన్లు పట్టింది. అంటే సెకనులో ఆరో వంతు కన్నా తక్కువ.

2003 నుంచి కెనడాలో డాక్టర్ మెహ్రాన్ అన్వారీ హామిల్టన్ నుంచి సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని నార్త్ బే పట్టణంలో ఉన్న పేషెంట్లకు ఇలా ఆపరేషన్లు చేశారు. పెద్ద ఆసుపత్రి సర్జన్, చిన్న ఊరి సర్జన్ కలిసి చేసిన ఆ పని మనలాంటి చోట్లకు దగ్గరి ఉదాహరణ.

మన దేశంలో 2018 డిసెంబర్‌లో డాక్టర్ తేజస్ పటేల్ గాంధీనగర్‌లోని అక్షర్‌ధామ్ ఆలయ ప్రాంగణం నుంచి, సుమారు 32 కిలోమీటర్ల దూరంలో అహ్మదాబాద్‌లో ఉన్న పేషెంట్లకు రోబో ద్వారా స్టెంట్లు వేశారు. గురుగ్రామ్‌లో తయారయ్యే ఎస్‌ఎస్‌ఐ మంత్ర రోబోతో 2025 జనవరిలో గురుగ్రామ్ నుంచి 286 కిలోమీటర్ల దూరంలోని జైపూర్‌లో గుండె ఆపరేషన్ చేసినట్టు ఆ కంపెనీ ప్రకటించింది. అదే ఏడాది జులైలో స్ట్రాస్‌బర్గ్ నుంచి ఇందోర్‌లోని పేషెంట్‌కు కూడా చేసినట్టు తెలిపింది.

కాబట్టి మీ బంధువు చూసిన వీడియో అబద్ధం కాకపోవచ్చు. అయితే 2001లోనే సాధ్యమైన పని ఇన్నేళ్లయినా రోజువారీ వైద్యం ఎందుకు కాలేదు? సమాధానం కోసం ఒకసారి అంతరిక్షం వైపు చూడాలి.

చంద్రుడిపై కుదిరింది, థియేటర్‌లో ఎందుకు కష్టం?

2023 ఆగస్టు 27న చంద్రుడిపై ప్రజ్ఞాన్ రోవర్‌కు దారిలో 4 మీటర్ల వెడల్పున్న గొయ్యి ఎదురైంది. అప్పటికి అది 3 మీటర్ల దూరంలో ఉంది. భూమ్మీది ఇస్రో బృందం ఫొటోలు చూసి, వెనక్కి మళ్లమని ఆదేశం పంపింది. రోవర్ క్షేమంగా వేరే దారి పట్టింది.

రేడియో సిగ్నల్ భూమి నుంచి చంద్రుడికి చేరడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. వెళ్లి రావడానికి రెండున్నర సెకన్లకు పైనే. ప్రజ్ఞాన్ నడక సెకనుకు ఒక సెంటీమీటర్. గొయ్యి కదలదు, రోవర్ ఆగి ఎదురుచూస్తుంది. కాబట్టి ఆ ఆలస్యం వల్ల నష్టం లేదు. విక్రమ్ ల్యాండర్ దిగేటప్పుడు మాత్రం క్షణాల్లో నిర్ణయాలు కావాలి. అందుకే చివరి ఘట్టం భూమి నుంచి నడపకుండా దాని కంప్యూటర్‌కే వదిలేశారు.

అంతరిక్షంలో రోబో చేతులది కూడా ఇదే సూత్రం. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ నాలుగో దశపై, ఏడు కీళ్లతో ‘నడిచే’ రోబో చేతిని ఇస్రో పరీక్షించింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని 17 మీటర్ల కెనడార్మ్2ను తరచూ భూమి నుంచే నడుపుతారు. ఇవన్నీ నెమ్మదిగా, ముందే రాసుకున్న క్రమంలో జరిగే పనులు. అనుమానం వస్తే ఆపేయొచ్చు.

శరీరం అలా ఆగదు. ఊపిరితో పాటు కడుపు కదులుతుంది, గుండె కొట్టుకుంటుంది. రక్తనాళం తెగితే రక్తం సిగ్నల్ వచ్చేదాకా ఆగదు.

2024 ఫిబ్రవరిలో ఈ రెండు రంగాలూ ఒకచోట కలిశాయి. అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీలో రూపుదిద్దుకున్న సుమారు ఒక కిలో బరువుండే స్పేస్‌మీరా అనే చిన్న సర్జికల్ రోబోను అంతరిక్ష కేంద్రానికి పంపారు. నెబ్రాస్కాలో కూర్చున్న సర్జన్లు దాన్ని నడిపి, కణజాలానికి బదులు పెట్టిన రబ్బరు బ్యాండ్లను కోశారు. అర సెకను నుంచి ముప్పావు సెకను వరకు ఆలస్యం ఉన్నా పని పూర్తయింది. కానీ అవి రబ్బరు బ్యాండ్లు. వాటికి రక్తం కారదు.

సర్జన్ చేతికి, తెరకు మధ్య ఆలస్యం 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే పని సాఫీగా సాగుతుందని, 300 దాటితే తప్పులు, సమయం పెరుగుతాయని పరిశోధకుల సాధారణ అంచనా. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే హైదరాబాద్ నుంచి 300 కిలోమీటర్ల దూరంలోని ఆదిలాబాద్‌కు సిగ్నల్ చేరడానికి 2 మిల్లీసెకన్లు కూడా పట్టదు.

చిక్కు దూరంతో కాదన్నమాట. వీడియోను కుదించి మళ్లీ విప్పడానికి సమయం పడుతుంది. మధ్యలోని నెట్‌వర్క్ పరికరాలు కొంత తింటాయి. అన్నిటికన్నా పెద్ద సమస్య, ఆలస్యం ఒకేలా ఉండకపోవడం. సినిమా చూస్తుంటే మధ్యలో చక్రం తిరిగితే విసుక్కుంటాం. థియేటర్‌లో కత్తెర కణజాలం మీద ఉన్నప్పుడు అదే జరిగితే?

అందుకే దూరం నుంచి చేసే ప్రతి ఆపరేషన్‌కూ ప్రత్యేక లైన్, దానికి తోడు మరో లైన్ ఉండాలి. పేషెంట్ పక్కన మత్తు డాక్టర్, నర్సులు, లింకు తెగితే వెంటనే పని అందుకోగల సర్జన్ ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ఆపరేషన్ పూర్తి చేయగల సర్జన్, ఐసీయూ, రక్తనిధి అక్కడే ఉంటే దూరపు డాక్టర్ అవసరమెంత? అవి లేకపోతే దూరపు డాక్టర్‌ను నమ్మి కోత పెట్టడం ఎలా? అరుదైన ఆపరేషన్‌కు నిపుణుడు ఎక్కడో ఒక్కరే ఉన్నప్పుడు, లేదా జిల్లా సర్జన్‌కు అనుభవజ్ఞుడు తోడుగా ఉండాల్సినప్పుడు దీని అసలు ఉపయోగం.

చట్టం ఏమంటోంది?

2020 మార్చిలో కేంద్రం విడుదల చేసిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వీడియో కాల్‌లో డాక్టర్ సలహాకు దారి చూపాయి. దూరం నుంచి చేసే సర్జరీని మాత్రం తమ పరిధిలోంచి స్పష్టంగా తప్పించాయి. ఎస్‌ఎస్‌ఐ మంత్ర రోబోను టెలీసర్జరీకి వాడేందుకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించినట్టు 2024 డిసెంబర్‌లో ఆ కంపెనీ ప్రకటించింది. అది యంత్రానికి వచ్చిన అనుమతి. లింకు తెగి నష్టం జరిగితే బాధ్యత దూరంగా ఉన్న డాక్టర్‌దా, దగ్గరున్న ఆసుపత్రిదా, నెట్‌వర్క్ కంపెనీదా అన్నది వేరే ప్రశ్న. ఎవరైనా మీకు దూరం నుంచి ఆపరేషన్ అంటే, దీనికి జవాబు కాగితం మీద అడగండి.

రోబో అయితే ఫలితం తప్పకుండా మెరుగేనా?

ఆపరేషన్‌ను బట్టి ఉంటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 300 మందికి పైగా పేషెంట్లపై ఓపెన్, రోబో పద్ధతులను పోల్చారు. రోబో పద్ధతిలో రక్తం తక్కువ పోయింది, త్వరగా ఇంటికెళ్లారు. కానీ మూత్రంపై అదుపు, లైంగిక సామర్థ్యం విషయంలో రెండేళ్ల తర్వాత చూసినా ఇరువురూ దాదాపు ఒకేలా ఉన్నారు. తొలి ఫలితాలు 2016లో, రెండేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో హెచ్చరికే వచ్చింది. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, గర్భాశయాన్ని ఓపెన్ పద్ధతిలో తొలగించినవారిలో మూడేళ్ల తర్వాత 99 శాతం మంది జీవించి ఉన్నారు. చిన్న రంధ్రాల పద్ధతిలో అది 93.8 శాతమే. వీటిలో ఎక్కువ లాపరోస్కోపీ, కొన్ని రోబో సర్జరీలు. మరుసటి ఏడాది, 2019 ఫిబ్రవరిలో, రొమ్ము తొలగింపు సహా క్యాన్సర్ ఆపరేషన్లకు రోబో భద్రత, ఫలితం ఇంకా రుజువు కాలేదని ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

కొత్త పద్ధతికి రుజువు అడగడం మన పాతబస్తీకి కొత్త కాదు. 1880ల చివర్లో క్లోరోఫాం మత్తు సురక్షితమా కాదా అని ప్రపంచ వైద్యులు వాదించుకుంటుంటే, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరో నిజాం డబ్బుతో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు ప్రయోగాలు చేశాయి. వాటి నిర్ధారణలు కొన్ని తర్వాత తప్పని తేలాయి కూడా. వైద్యంలో లెక్క అలా తేలుతూ ఉండాల్సిందే.

ప్రభుత్వ రంగంలో ఎక్కడ దొరుకుతుంది? ఖర్చు ఎలా?

శాలిబండకు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, పంజాగుట్టలోని నిమ్స్‌లో 2023 జులైలో రోబోటిక్ సర్జరీ విభాగం ప్రారంభమైంది. యంత్రం విలువ సుమారు రూ.35 కోట్లు. అదే ఏడాది రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా రోబో అందుబాటులోకి వచ్చింది.

బిల్లు ఎందుకు పెరుగుతుంది? యంత్రం ధర ఒకటి, ఏటా నిర్వహణ ఖర్చు ఇంకొకటి. దీనికి తోడు, రోబో చేతులకు తగిలించే పరికరాలను నిర్ణీత సంఖ్యలోనే వాడాలి. ఆ లెక్క అయిపోతే యంత్రం ఆ పరికరాన్ని తీసుకోదు. ఆ ఖర్చంతా ఆపరేషన్లకు పంచుతారు.

మీకున్న దారులు ఇవీ:

- ఆరోగ్యశ్రీ: తెలంగాణలో పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి రూ.10 లక్షలకు పెంచారు. అయితే పథకం చెల్లించేది జాబితాలోని చికిత్సకు. మీ ఆపరేషన్ రోబోతో చేస్తే ప్యాకేజీలో సరిపోతుందా, పైన ఏమైనా కట్టాలా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడ్మిషన్‌కు ముందే అడగండి. 104కు కూడా ఫోన్ చేయొచ్చు.
- ఎల్‌ఓసీ: నిమ్స్ లాంటి చోట చికిత్సకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ముందస్తు లేఖ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేట్ ఉండాలి.
- ప్రైవేటు ఇన్సూరెన్స్: రోబోటిక్ సర్జరీ సహా 12 ఆధునిక చికిత్సలను పాలసీల నుంచి మినహాయించకూడదని ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. కానీ కంపెనీ వాటికి విడిగా పరిమితి పెట్టొచ్చు. రూ.5 లక్షల పాలసీ ఉన్నా రోబోకు అందులో కొంతే ఇవ్వొచ్చు. పాలసీ పత్రంలో ‘మోడర్న్ ట్రీట్‌మెంట్’ అన్న చోట చూడండి.

సంతకం పెట్టే ముందు అడగాల్సిన 7 ప్రశ్నలు

1. ఈ జబ్బుకు, ఈ దశలో ఓపెన్ లేదా లాపరోస్కోపీ కన్నా రోబో వల్ల మాకు వచ్చే అదనపు మేలు ఏంటి? రుజువు ఉందా?
2. కన్సోల్ ముందు కూర్చునేది ఎవరు? ఇదే ఆపరేషన్ రోబోతో ఎన్ని చేశారు?
3. మీ పేషెంట్లలో ఎందరికి మధ్యలో ఓపెన్‌గా మార్చాల్సి వచ్చింది? మారిస్తే బిల్లు ఎలా ఉంటుంది?
4. యంత్రం మొరాయిస్తే పక్కనున్న బృందం ఏం చేస్తుంది?
5. సర్జన్ ఇదే థియేటర్‌లో ఉంటారా? లేకపోతే లింకు తెగినప్పుడు ఎవరు అందుకుంటారు?
6. ఎస్టిమేట్‌లో పరికరాల ఖర్చు కలిసే ఉందా, విడిగా ఉందా?
7. వారం ఆగి ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకుంటే జబ్బుకు ప్రమాదమా?

రెండో అభిప్రాయం తీసుకోవడం, ఖర్చు వివరాలు ముందే తెలుసుకోవడం, మీకు అర్థమయ్యే భాషలో వివరణ పొందడం జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉన్నవే. సమ్మతి పత్రం ఇంగ్లిష్‌లో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లకు ఉర్దూనో తెలుగో మాత్రమే వస్తే, ఆ భాషలో చదివి వినిపించమని అడగండి. మొహమాటం వద్దు.

ఇక రాత్రి ఇంట్లో వినిపించిన మాటలకు జవాబు. రోబో తప్పు చేయదన్నది నిజం కాదు, అది సర్జన్ చేయించిందే చేస్తుంది. మనిషి చెయ్యి పడదన్నదీ నిజం కాదు, పడేది ఆ చెయ్యే. డాక్టర్ అమెరికాలో కూర్చుని చేయడం సాధ్యమే గానీ, మీ నాన్నగారి ఆపరేషన్‌కు దాని అవసరం దాదాపు ఉండదు. అనుభవమున్న సర్జన్ ఓపెన్ సర్జరీ చేస్తానంటే, యంత్రం లేదన్న ఒక్క కారణంతో వద్దనుకోకండి. ఇల్లు తాకట్టు పెట్టే ముందు నిమ్స్‌లో, ఎంఎన్‌జేలో ఒకసారి చూపించండి.